రంగు పూసుకోని సభ్యుడు

పోయిన ఫిబ్రవరిలో మా ఆడబిడ్డ మనవరాలి పెళ్లికని నంద్యాల వెళ్లాను. ఊరి బయట, ఒకప్పుడు జొన్నచేలు ఉన్న చోట కట్టిన పెద్ద ఫంక్షన్ హాలు. స్టేజి నిండా పూలే పూలు, పెళ్లికూతురు ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. పిల్లల్ని దీవించి ఫొటో దిగుదామని ముసలివాళ్లం నలుగురం మెట్లెక్కబోతే నల్లచొక్కా కుర్రాడొకడు అడ్డం వచ్చాడు. చెవిలో వైరు, చేతిలో వాకీటాకీ. "ఆంటీ, మీ ఎంట్రీ ఇంకా రాలేదు. అబ్బాయి తరఫువాళ్లు దిగినాక మీరు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. "నన్ను ఆపడానికి నువ్వెవరు నాయనా?" అన్నాను. "స్టేజి మేనేజర్ని ఆంటీ" అన్నాడు వాడు ఎంతో మర్యాదగా. అంతే. అంతమందిలో కళ్లనీళ్లు ఆగలేదు. పాపం ఆ పిల్లాడు హడలిపోయి కుర్చీ తెచ్చి వేశాడు, బాదంపాలు తెచ్చి ఇచ్చాడు. మా ఆడబిడ్డ నాకు మోకాళ్లనొప్పి తిరగబెట్టిందనుకొని మందు రాయబోయింది. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్లాలి, పెళ్లిలో అంత తీరిక ఎవరికుంది?

మా నాయన పేరు దేవదానం. నంద్యాల, ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఊళ్లలో నాటకాలాడే బృందానికి ఆయన స్టేజి మేనేజరు. తెరలు కట్టడం, లేపడం, దించడం, వేషగాళ్లను వేళకు లోపలికి పంపడం, మాట మరిచిపోయినవాడికి పక్కనుంచి అందించడం, కిరీటం ఊడితే గుడ్డపేలికతో బిగించడం, అలిగిన రాణిని బతిమాలడం, తాగొచ్చిన సేనాపతి నెత్తిన కడవెడు నీళ్లు గుమ్మరించడం, ఇవన్నీ ఆయన పనులే. మెత్తని మనిషేం కాదు. నోరు పెద్దది, కోపం ఇంకా పెద్దది. రాజులూ దేవుళ్లూ ఆయన ముందు బడిపిల్లల్లా నిలబడేవాళ్లు. ఇంట్లోనూ అదే తీరు. పొద్దున్నే చేతులు రెండుసార్లు చరిచాడంటే మేం లేవాలి. నీళ్లగది ముందు నిలబడి "అది బయటికి రాంగానే నువ్వు లోపలికి పోవల్ల, రెడీగా ఉండు" అని నన్నూ మా తమ్ముణ్ణీ పంపేవాడు. మా అవ్వను కూడా వదల్లేదు. ఆయమ్మ మాత్రం "నన్ను కన్నట్టు మాట్లాడ్తాండావే" అని తన ఇష్టం వచ్చినప్పుడే స్నానానికి వెళ్లేది.

మాది క్రైస్తవుల ఇల్లు. అమ్మ రత్నమ్మ మిషను ఆసుపత్రిలో ఆయా. ఆదివారం చర్చికి పోవడం, అన్నం ముందు ప్రార్థన చేయడం తప్పేవి కావు. అలాంటి ఇంటి మనిషి పురాణ నాటకాలకు తెరతాడు లాగుతున్నాడని పాస్టరయ్యకు బాధగా ఉండేది. ఒకసారి ఇంటికే వచ్చి, "ఏం దేవదానం, ఆ దేవుళ్లతో నీకేం పనయ్యా?" అని అడిగాడు. మా నాయన తడుముకోకుండా, "నేను దేవునికి మొక్కల్యా అయ్యగారూ, టయానికి పంపిస్తాండా, అంతే" అన్నాడు. పాస్టరయ్య నవ్వు ఆపుకోలేక దగ్గాడు. ఆ డిసెంబరులోనే చర్చిలో పిల్లల నాటకం మా నాయనకే అప్పజెప్పాడు. తెల్లగౌన్ల పిల్లల్ని వరసగా నిలబెట్టి, "దేవదూతల్లారా, ముక్కులు తుడుసుకోండి" అని ఆయన అరిచిన అరుపు చర్చి బయటికి కూడా వినబడింది.

తెరలు మా వసారాలోనే ఉండేవి. గోనెపట్టాల్లో చుట్టి దూలాలకు వేలాడదీసేవాడు. గంజి, రంగు, కిరసనాయిలు, కలరా ఉండలు, ఎలుకలు కలిసిన ఒక వాసన మా ఇంటికి ఉండేది. బళ్లో నా పక్కన కూర్చునే పిల్ల నా జడలో కూడా ఆ వాసన ఉందనేది. వానలు వెలిశాక తెరలన్నీ విప్పి వీధిలో ఎండేసేవాళ్లం. ఈ గోడ నుంచి ఆ గోడదాకా ఒక రాజమహలు, దాని పక్కన ఒక అడవి, మలుపులో పట్నం బజారు. ఆడపిల్లలం అడవి నీడలో కూర్చొని అచ్చనగండ్లు ఆడుకునేవాళ్లం. మా అమ్మ డ్యూటీ దిగి ఫినాయిలు వాసనతో వచ్చి, రాజమహలు కింద వంగి ఇంట్లోకి దూరేది. మా అవ్వ మిరపకాయలు ఎండబోసుకొని, రాజమహల్లోకి వచ్చే కోళ్లను కర్రతో తోలేది. ఇంత సంపద ఏ జమీందారు బిడ్డకూ ఉండదని అప్పట్లో నా గర్వం.

ఆ వసారాకు వచ్చే మనుషుల్లో ముఖ్యుడు సుబ్బరాయుడు. ఊరు ఆళ్లగడ్డ. దేవుడి వేషాలకు పెట్టింది పేరు. ఆయన పద్యం ఎత్తుకుంటే తిరునాళ్లలో మిఠాయి అంగళ్లవాళ్లు కూడా తూచడం ఆపేవాళ్లని చెప్పుకునేవాళ్లు. నంద్యాలకు రిహార్సలుకు వస్తే దిగేది మా ఇంట్లోనే. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ అంటే ప్రాణం. తిన్నాక వసారాలో గోడకు ఆనుకొని బీడీ ముట్టించేవాడు. మా అమ్మ లోపలినుంచి, "నీ దేవుడు మళ్లా బీడీ తాగుతాండాడు సూడప్పా" అని మా నాయనకు ఫిర్యాదు చేసేది. "దేవుడా, బీడీ పారెయ్!" అని మా నాయన గదమాయించేవాడు. సుబ్బరాయుడు పారేసేవాడు. ఆ ఇద్దరి మధ్య స్నేహం అట్లాంటిది. ఒకరు లేకుండా ఇంకొకరు ఏ ఊరూ వెళ్లేవాళ్లు కాదు.

నాటక కళాకారుల సంఘం సంగతి మొదలైంది సున్నిపెంటలో. శ్రీశైలం డ్యాము పని చేసేవాళ్ల క్వార్టర్లు అక్కడ ఉన్నాయి కదా, వాళ్ల కోసం నాటకం ఒప్పుకున్నారు. లారీలో నల్లమల ఘాటు దాటి మధ్యాహ్నానికి దిగితే ఊళ్లలో నాటకాలు కుదిర్చి పెట్టించే కంట్రాక్టరు అన్నం మాటే ఎత్తలేదు. రాణి వేషం కట్టే రాజేశ్వరమ్మకు బట్టలు మార్చుకోవడానికి తలుపు లేని సిమెంటు షెడ్డు చూపించాడు. ఆ కంట్రాక్టర్లు ఎప్పుడూ అట్లాగే చేసేవాళ్లట. ఆకలితో పద్యాలు పాడటం, చీర అడ్డం పట్టుకొని రంగు పూసుకోవడం అందరికీ అలవాటైపోయింది. ఆ రోజు మా నాయనకు ఎందుకో తిక్క రేగింది. జనం వచ్చి కూర్చున్నాక తెరతాడు చేతికి చుట్టుకొని స్టేజి పక్కన నేల మీద చతికిలబడ్డాడు. "అన్నం వచ్చేదాకా, ఆయమ్మకు తలుపుండే రూము ఇచ్చేదాకా ఈ తెర లేవదు" అన్నాడు. కంట్రాక్టరు అరిచాడు, బెదిరించాడు, చివరికి బతిమాలాడు. మా నాయన కదల్లేదు. సంగతి జనానికి తెలిసింది. డ్యాము కార్మికులు కదా, పని ఆపడం అంటే ఏమిటో వాళ్లకు ఒకరు చెప్పాలా? కోప్పడటం పోయి, క్వార్టర్లకు వెళ్లి ఎవరింట్లో ఉన్న అన్నం వాళ్లు క్యారియర్లలో పెట్టుకొని వచ్చారు. ఒక ఇంటావిడ రాజేశ్వరమ్మను చేయి పట్టుకొని తన ఇంటికి తీసుకుపోయింది. తెర అప్పుడు లేచింది. వచ్చేటప్పుడు అక్కడి ఫిట్టరొకాయన మా నాయనతో, "మాకు యూనియనుంది. మీకు ల్యాదా అన్నా?" అన్నాడట. ఆ మాట మా నాయన చెవిలో ఇల్లు కట్టుకుంది.

ఇంటికి వచ్చినప్పటినుంచీ అదే ధ్యాస. వెలుగోడు పోయాడు, పాములపాడు పోయాడు, ఆళ్లగడ్డ ఎన్నిసార్లు పోయాడో. వేషగాళ్లను, హార్మోనియం వాయించేవాళ్లను, తబలావాళ్లను ఒక్కొక్కరినీ కదిలించి ఒప్పించాడు. ఒక ఆదివారం చర్చికి కూడా ఎగనామం పెట్టి అందర్నీ మా వసారాలో కూర్చోబెట్టాడు. అమ్మ విసుక్కుంటూనే అందరికీ కాఫీ కాచింది. సుబ్బరాయుడిని అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. ఆ తర్వాత నియమాలు రాయడం మొదలుపెట్టారు. ఎవరిని చేర్చుకోవాలి అన్న మాట వచ్చింది. డ్రస్సులు అద్దెకిచ్చేవాళ్లు, మైకుసెట్టువాళ్లు చాలామంది కంట్రాక్టర్ల బంధువులు. వాళ్లు దూరితే లోపలి మాటలన్నీ బయటికి పోతాయని రాజేశ్వరమ్మ భయపడింది. అది నిజమే. అందుకని, మొహానికి రంగు పూసుకొని స్టేజి ఎక్కేవాళ్లు, స్టేజి మీద కూర్చొని వాయించేవాళ్లు, వీళ్లే సభ్యులు అని రాద్దామన్నారు. కాఫీ గ్లాసులు అందిస్తున్న మా నాయన, "అదీ మాటంటే! రాయండప్పా, గట్టిగా రాయండి" అని అందరికంటే ముందు అన్నాడు.

తర్వాత అందరి చేతా సంతకాలు పెట్టించిందీ ఆయనే. అలవాటు పోతుందా? "నువ్వు పా, నీ తర్వాత ఆయమ్మ, తబలాయప్పా నువ్వు రెడీగా ఉండు" అంటూ ఒక్కొక్కరినీ లోపలి గదిలోకి, బల్ల దగ్గరికి పంపాడు. అంతా అయ్యాక చప్పట్లు కొట్టి ఎవరి బస్సు వాళ్లు ఎక్కేశారు. మా నాయన మొహం వెలిగిపోతోంది. మర్నాడు పొద్దున అమ్మ పొయ్యి దగ్గర కూర్చొని జొన్నరొట్టె తడుతూ, "అందరి పేర్లూ రాసిరి గదా, మరి నీ పేరేదీ?" అని అడిగింది. మా నాయన నోట్లో రొట్టెముక్క ఉంది. కాసేపు నమలడం మానేసి అలాగే కూర్చున్నాడు. అప్పటిదాకా ఆయనకు తట్టనే లేదు. ఎంతమందిని లోపలికి పంపాడో, తను లోపలికి పోవాలన్న ఆలోచనే ఆయనకు రాలేదు. తర్వాత పెద్దగా నవ్వి, "మరిసిపోయినారులే, నేనూ మరిసిపోతిని. వచ్చే మీటింగులో రాసుకుంటారు" అన్నాడు. అమ్మ నవ్వలేదు. ఇప్పుడు తల్చుకుంటే, మా ఇంటి సంతోషం ఆ రొట్టెల దగ్గరే విరిగిందని నాకు అనిపిస్తుంది.

వచ్చే మీటింగులో రాసుకోలేదు. ఆ తర్వాతి మీటింగులోనూ రాసుకోలేదు. సంఘంలోకి కొత్తవాళ్లు వచ్చారు. వాళ్లకు సున్నిపెంట సంగతి తెలియదు. తెరతాడువాణ్ణి చేర్చుకుంటే రేపు డ్రస్సులవాడు అడుగుతాడు, ఎల్లుండి మైకువాడు అడుగుతాడు అన్నారు. సుబ్బరాయుడు గట్టిగా మాట్లాడే మనిషి కాదు. పద్యంలో ఉన్న ధాటి మాటలో ఉండేది కాదు. ప్రతిసారీ మా వసారాకు వచ్చి తల గోక్కునేవాడు. మా నాయన, "నేను వాళ్లనేం అడగల్యా సుబ్బరాయుడా. పదవి వద్దు, దండ వద్దు. నేనూ మీలో ఒగన్నే అని రాయండి, సాలు" అనేవాడు. ఆయనకు కావలసింది నిజంగా అంతే. చివరికి సుబ్బరాయుడే ఒక ఉపాయం చెప్పాడు. "దేవన్నా, ఒక్కసారి మొకానికి రంగు పూసుకో. సింహాసనం కాడ ఈటె పట్టుకొని నిలబడు. మాట గూడా వద్దు. నియమం ప్రకారం నువ్వూ వేషగానివైపోతావు, ఇంగెవడూ నోరెత్తడు." మా నాయన ఒప్పుకోలేదు. "నేను చేసే పనికి చేర్చుకోండి గానీ, చేయని పనికి ఎందుకప్పా?" అన్నాడు. చాలాకాలం ఆ మాట మీదే ఉన్నాడు. మనిషిలో బిగువు మాత్రం ఏడాదికేడాదికీ తగ్గిపోయింది. మా అమ్మ ఎంత చెప్పినా వినకుండా ఒక రోజు సరేనన్నాడు.

అది సంఘం వార్షికోత్సవం, ఆళ్లగడ్డలో. పొద్దు ఉండగానే బడి మైదానంలో నాటకం. మేమంతా బస్సులో వెళ్లాం, మా అవ్వతో సహా. మా నాయనకు రంగు పూస్తుంటే చూసి నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. దొడ్డు మీసం, ఎర్ర తలపాగా, రేకు ఈటె. తెర లేచింది. భటుడు కదలకుండా నిలబడ్డాడు. కాసేపు బాగానే గడిచింది. ఇంతలో మైదానంలోంచి గాలి లేచింది. వెనక రాజమహలు తెర ఊగి, దాని వెదురుబొంగు రాజేశ్వరమ్మ తల మీదికి వాలడం మొదలైంది. దేవుడు లోపలికి రావలసిన సమయం కూడా అదే. పంపేవాడు లేడు కదా, సుబ్బరాయుడు వెనక ఎక్కడో నిలబడి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. రాణి ఒకటికి రెండుసార్లు అదే మాట అంటూ దిక్కులు చూస్తోంది. భటుడు ఈటె కింద పెట్టాడు. రెండు అంగల్లో వెళ్లి బొంగును భుజం మీద ఆపుకున్నాడు. మీసం వంకర పోయింది. మహలు మోస్తూనే లోపలికి తిరిగి, మైదానమంతా మార్మోగేటట్టు, "సుబ్బరాయుడా! యాడ సచ్చినావప్పా, నీ ఎంట్రీ!" అని అరిచాడు.

జనం పొట్టలు చెక్కలయ్యేలా నవ్వారు. ఈలలు వేశారు. రాజేశ్వరమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాటకం ఎలాగో అయింది. ఆ వెంటనే జరిగిన మీటింగులో మా నాయన పేరు వచ్చినప్పుడు ఎవరో లేచి, "వేషం యాడ కట్టినాడు? రంగు పూసుకొని గూడా మేనేజరు పనే చేసినాడు గదా" అన్నారు. మళ్లీ నవ్వులు. సుబ్బరాయుడు కూడా నవ్వాడు. చెడ్డవాడై కాదు, అందరూ నవ్వుతుంటే నవ్వాడు. ఆ నవ్వుల్లోనే సంగతి తేలిపోయింది. మా నాయన ఒక మూల కూర్చొని కొబ్బరినూనెతో మొహం తుడుచుకుంటున్నాడు. రంగు పోయినా తుడుస్తూనే ఉన్నాడు. అన్ని తిట్లు తెలిసిన మనిషి ఆ రోజు ఒక్క తిట్టైనా తిట్టి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

తర్వాత కొంతకాలానికి సంఘం కంట్రాక్టర్ల మీద సమ్మెకు దిగింది. తెర లేచే ముందే అందరికీ భోజనం పెట్టాలి, ఆడవాళ్లకు తలుపున్న గది ఇవ్వాలి, ఎవరికైనా జబ్బు చేస్తే ఇంటికి చేర్చే బాధ్యత కంట్రాక్టరుది. సున్నిపెంటలో మా నాయన నేల మీద కూర్చొని అడిగినవే, కాస్త పెంచి అడిగారు. ఊళ్లలో నాటకాలు ఆగిపోయాయి. ఒక పొద్దున ఒక కంట్రాక్టరు మా ఇంటికి వచ్చాడు. కోస్తా నుంచి వేరే బృందాన్ని ఆళ్లగడ్డకు రప్పిస్తున్నాడట. వేషగాళ్లు దొరికారు గానీ స్టేజి నడిపేవాడు దొరకలేదు. మా వసారాలో తెరల కింద కూర్చొని, "నువ్వు ఆ సంఘమోనివి కాదు గదప్పా, నీకేం అడ్డం? ఈ పొద్దునుంచి నా నాటకాలన్నిటికీ నువ్వే" అన్నాడు. మా నాయన, "కాను. అయినా రాను" అన్నాడు. "ఎందుకు రావు?" "అన్నం అడిగినోళ్ల మీద నేను తెర లేపల్నా? లే, పో." కంట్రాక్టరు పోతూ పోతూ, "నీ సంగతి గుర్తు పెట్టుకుంటా" అన్నాడు.

అతను వీధి దాటాడో లేదో అమ్మ విరుచుకుపడింది. "వాళ్లు నిన్ను గడప తొక్కనీయల్యా, నిన్ను జూసి నగిరి. వాళ్ల కోసరం నువ్వెందుకు ఇంట్లో కూర్చుంటావ్?" మా నాయన మెల్లగా, "వాళ్లు నన్ను చేర్చుకోకపోతే నేను వాళ్లోణ్ణి కాకపోతానా రత్నమ్మా?" అన్నాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకొని లోపలికి వెళ్లిపోయింది. సమ్మె నడిచినన్నాళ్లూ ఇల్లు అమ్మ ఆయా పని మీదే గడిచింది. మా నాయన రోజూ తెరలు దించి, దులిపి, మళ్లీ చుట్టి కట్టేవాడు. ఎలుకలు కొట్టిన చోట అడవికి మాసికలు వేసేవాడు. మా తమ్ముడు పక్కింటి పిల్లల మీద అరిచినా ఊరుకునేవాడు. మేం స్నానాలకు మా ఇష్టం వచ్చినప్పుడు వెళ్లేవాళ్లం.

సంఘం గెలిచింది. ఆ కబురు మాకు సుబ్బరాయుడే తెచ్చాడు. కానీ గెలిచినవాడి మొహం కాదది. వసారాలో కూర్చొని బీడీ తీశాడు, ముట్టించకుండా మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. "అన్నిటికీ ఒప్పుకున్నారు దేవన్నా. ఒగటే షరతు పెట్టినారు."

"ఏందది?"

"తెర కాడ నువ్వు ఉండగూడదంట."

"మీరేమంటిరి?"

సుబ్బరాయుడు నేల చూపులు చూశాడు. "మా సభ్యుల సంగతి మేం మాట్లాడొచ్చు, నీ సంగతి మాట్లాడేకి మాకు హక్కు ల్యాదంట. నువ్వు సభ్యునివి కాదాయె..."

"నిజమే గదప్పా" అన్నాడు మా నాయన. లోపలికి తిరిగి, "రత్నమ్మా, సుబ్బరాయునికి కాపీ ఇయ్యి" అన్నాడు. అమ్మ కాఫీ తెచ్చింది. గ్లాసు ఆయన ముందు పెట్టి, "తాగిపో దేవుడా. మళ్లా మా వసారా ఎక్కొద్దు" అంది. సుబ్బరాయుడు తాగలేదు. కళ్లు తుడుచుకుంటూ మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఆ మనిషిని నేను ఇప్పటికీ పూర్తిగా తిట్టలేను. ఇంట్లో పెళ్లాం పిల్లలు, వెనక అంతమంది కళాకారులు, ఏళ్ల తరబడి అడిగినవి చేతికందిన రోజు. ఒక్కడి కోసం అది వదులుకొమ్మని ఎవరు అడగగలరు? అడగవలసినవాడు మా నాయన ఒక్కడే, ఆయన అడగలేదు. కానీ క్షమించానా అంటే, లేదు. అదే మాట నా మొహం మీద అడిగితే ఈ వయసులో కూడా లేదనే చెబుతాను.

తెరలు మొదటినుంచీ కంట్రాక్టర్లవే, వాళ్ల బండి వచ్చి తీసుకుపోయింది. వసారా ఖాళీ అయింది, ఇంట్లో ఆ వాసన మాత్రం చాలారోజులు పోలేదు. మా నాయన దూదిమిల్లులో వాచ్‌మన్‌గా చేరి, అక్కడే ముసలివాడై, నా పెళ్లయిన కొన్నేళ్లకు పోయాడు. ఇప్పుడు అందరికీ గుర్తింపు ఉంది. లైటు వేసేవాడికి, పూలు కట్టేవాడికి, చివరికి నన్ను మెట్ల మీద ఆపిన ఆ నల్లచొక్కా పిల్లాడికి కూడా మెడలో ఫొటో ఉన్న కార్డు వేలాడుతోంది. మంచిదే, నాకు అసూయ లేదు. కానీ ఆ పిల్లాణ్ణి, పెళ్లివాళ్లు మీకు అన్నం పెట్టారా అని అడిగితే, "మాకు లేదాంటీ, బయట తినాలి" అన్నాడు. కార్డు వచ్చింది, అన్నం పోయింది. మా కాలం గొప్పదని నేను అనను. అన్నం కోసం తెర ఆపిన మనిషి ఒకడు ఉండేవాడు, అంతమాత్రమే చెబుతాను.

సమ్మె గెలిచాక మొదటి నాటకం ఆళ్లగడ్డలో పెట్టారు. రమ్మని ఎవరూ పిలవలేదు. ఆదివారం చర్చి అయ్యాక మా నాయన తెల్లచొక్కా విప్పకుండానే, "వస్తావా మే?" అని నన్ను అడిగాడు. అమ్మ వద్దని చెప్పి, వినడని తెలిసి ఊరుకుంది. ఇద్దరం బస్సెక్కాం. సాయంత్రం ఎండ ఇంకా తగ్గలేదు. జనంలో, ముందువైపు, చాపల మీద చోటు చూసుకొని కూర్చున్నాం. నాటకానికి ముందు సన్మానం. సుబ్బరాయుడు మైకు ముందు నిలబడి, సమ్మెలో నిలబడ్డవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చదివాడు. పేరు చదివినప్పుడల్లా మా నాయన చప్పట్లు కొట్టాడు. ప్రతి పేరు తర్వాతా నేను ఎదురుచూశాను. తర్వాతిది మాదేనేమో, ఇప్పుడైనా చదువుతాడేమో అని. పేర్లు అయిపోయాయి. మా నాయన మొహం వైపు చూడటానికి నాకు ధైర్యం చాల్లేదు.

తెర లేచింది. ఎవరో కొత్తవాడు లాగుతున్నాడు, ఒక పక్క కాస్త ముందు లేచింది. కాసేపటికి సుబ్బరాయుడు దేవుడి వేషంలో వచ్చాడు. పద్యం ఎత్తుకున్నాడు. జనమంతా ఊపిరి బిగబట్టి వింటున్నారు. అప్పుడు తిరిగి చూశాను. మా నాయన నోరు కొంచెం తెరుచుకొని, చెంపల మీద నీళ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయి స్టేజి వైపే చూస్తున్నాడు. నేను చూస్తున్నానని గమనించి నా చెవి దగ్గరకు వంగాడు.

"సుబ్బరాయుడు ఇంత అందంగా ఉంటాడని నాకు తెల్దు మే" అన్నాడు. "ఇన్నేండ్లూ వాని వీపే సూసినా."

ఆయన చేయి పట్టుకొని కూర్చున్నాను. నాటకం అయిపోయేదాకా ఇద్దరం చూశాం.